చేతకానితనం ఎవరిది? ఇంటి పనిముట్లు, స్త్రీల నైపుణ్యం: ఒక నైతిక పరిశీలన

తెలుగులో సామర్థ్యం లేకపోవడాన్ని 'చేతకాదు' అంటాం. వ్యవహారంలో ఈ మాటకు రెండు సందర్భాలున్నాయి. నేర్చుకొనే ప్రయత్నం చేసినా పని పట్టుబడకపోవడం ఒకటి. ఆ పనిముట్టు ఎన్నడూ చేతికి అందకపోవడం మరొకటి. 'ఆడవాళ్లకు సుత్తీ రంపం చేతకావు' అన్నప్పుడు రెండవది మొదటిదిగా చలామణి అవుతుంది. అవకాశలోపాన్ని స్వభావలోపంగా నిర్ణయించడం న్యాయమా అన్నది ఈ వ్యాసంలోని ప్రశ్న.

అమెరికన్ తాత్త్వికురాలు ఐరిస్ మేరియన్ యంగ్ 1980లో ప్రచురించిన వ్యాసంలో, బంతి విసరడం వంటి పనులలో స్త్రీల శరీరం చూపే సంకోచం ప్రకృతిసిద్ధం కాదనీ, వారు పెరిగే సామాజిక పరిస్థితుల ఫలితమనీ వాదించారు. ఫ్యూజు పోయినప్పుడు అన్నకు టెస్టరు, చెల్లెలికి టార్చి అందించే ఇంట్లో ఈ సంకోచం ఎలా ఏర్పడుతుందో గ్రహించవచ్చు. టార్చి పట్టిన చేయి పనిని చూస్తుంది. తప్పు చేసి దిద్దుకొనే అవకాశం మాత్రం దానికి దక్కదు. ఆ అవకాశం లేనిదే నైపుణ్యం లేదు.

అయితే స్త్రీలకు పనిముట్లతో అనుభవం తక్కువన్న ఊహ కూడా పరీక్షకు నిలవదు. కత్తిపీటలో కత్తి కదలదు, కాయ కదులుతుంది. కాలు పీటను అదిమి ఉంచగా రెండు చేతులూ ముక్క పరిమాణాన్ని నిర్ణయిస్తాయి. చేటతో చెరిగేటప్పుడు పొట్టు ముందుకు ఎగిరి, గింజ వెనక్కు చేరడం మణికట్టు లయ వల్ల సాధ్యమవుతుంది. సూత్రంగా చెప్పలేకపోయినా పని తెలియడం కూడా ప్రజ్ఞేనని గిల్బర్ట్ రైల్ 1949లోనే నిరూపించ యత్నించాడు. వడ్రంగి చిత్రిక పడితే అది పనితనం, స్త్రీ చెరిగితే అలవాటు అనడంలో ఉన్న భేదం పనిలోనిది కాదు, చూపులోనిది.

స్త్రీలందరి అనుభవమూ ఒకటి కాదు. కులవృత్తి, వర్గం, ఊరు పనిముట్లను వేర్వేరుగా పంచుతాయి. పోచంపల్లి ప్రాంతపు చిటికి నేతలో, అద్దకానికి ముందు నూలును చట్రం మీది మేకుల చుట్టూ పోయడాన్ని ఆసు పోయడం అంటారు. ఇది సంప్రదాయంగా ఇంటి స్త్రీల పని. ఒక్క చీరకే చేయి వేలసార్లు అటూ ఇటూ కదలాలి. తల్లి లక్ష్మి పడే భుజాల నొప్పిని చూసిన చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రాన్ని రూపొందించి దానికి ఆమె పేరే పెట్టారు; 2017లో పద్మశ్రీ అందుకొన్నారు. కొడుకు కృతజ్ఞత వల్ల ఒక తల్లి పేరు నిలిచింది. కానీ 'నేతగాడు' అన్న మాట వినగానే మన మనసులో మెదిలేది మగ్గం ముందు కూర్చున్న మనిషే; ఆసు ముందు కూర్చున్న మనిషి కాదు.

ఇక్కడొక ఆక్షేపణ సహజం. ఇంటి పనిలోని నైపుణ్యాన్ని కీర్తించడం బంధనాన్ని అలంకరించడం కాదా? పి. సత్యవతి 'ఇల్లలకగానే' కథలోని గృహిణి ఇల్లు అలకడంలో నేర్పరి. ఆ నేర్పులోనే తన పేరు మరచిపోతుంది. అక్కడ మెప్పు గౌరవానికి ప్రత్యామ్నాయమైంది. కాబట్టి ఆక్షేపణ బలమైనదే. అయితే అది నైపుణ్యాన్ని గుర్తించడాన్ని ఖండించదు. మెప్పునే గుర్తింపుగా చెల్లించడాన్ని ఖండిస్తుంది. ఆసు పోయడం గొప్ప నేర్పు అని ఒప్పుకొంటూనే, ఆ నేర్పు భుజాన్ని అరగదీయకూడదని కోరవచ్చు. యంత్రం రావడం నైపుణ్యానికి అవమానం కాదు. ఆ నైపుణ్యానికి శరీరం చెల్లించిన మూల్యాన్ని ఒప్పుకోవడం.

అందువల్ల న్యాయం రెండు దిశలలో జరగాలి. అందని పనిముట్టు అందాలి. అందిన పనిముట్టుతో సాధించిన విద్యకు విద్య అనే పేరు రావాలి. ఒకటి మాత్రమే జరిగితే, సుత్తి పట్టిన స్త్రీ వింతగా, చేట పట్టిన స్త్రీ అల్పంగా మిగులుతుంది.

ఇందులో మన పరిశోధనకూ బాధ్యత ఉంది. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం తొలి సంపుటం వ్యవసాయ పదాలకు శాస్త్రగౌరవం కల్పించింది. అదే శ్రద్ధతో వంటింటి క్రియాపదాలను వృత్తిపదాలుగా సేకరించాలి. రోకటిపాటలను కూడా స్త్రీల మనోభావాలకు సాక్ష్యంగానే గాక, ఒకే రోట్లో ఇద్దరి పోట్లు ఢీకొనకుండా నడిపించిన శ్రమవిజ్ఞానంగా చదవాలి. అప్పుడు 'చేతకాదు' అనే ముందు, ఎవరి చేతికి ఏది అందిందో అడగడం మనకు అలవడుతుంది.