పొదలో కదిలినది జింకా, మనిషా?



మొన్న ఆదివారం పూజ ముగిశాక మా విచారణ పెద్ద ఒకాయన నన్ను దేవాలయం మెట్ల మీదే ఆపారు. వారి అబ్బాయిది హాంకాంగ్‌లో ఉద్యోగం. "ఆశ్రయం అడిగినవాడికి అధికారి కాదన్నాడు. అప్పీలు బోర్డూ కాదంది. అయినా కోర్టుకెక్కి ఏళ్ల తరబడి అక్కడే కూర్చుంటున్నారట. ఇదేం న్యాయం, ఫాదర్‌గారూ?" అన్నారు. సబబైన ప్రశ్నే. అప్పటికప్పుడు నాకు జవాబు తోచలేదు.

1951 నాటి కాందిశీకుల ఒప్పందం హాంకాంగ్‌కు వర్తించదు. కాని చిత్రహింసలను నిషేధించే ఒప్పందం 1992 నుంచి వర్తిస్తున్నది. చిత్రహింసల ప్రమాదం ఉందనుకోవడానికి గట్టి కారణాలుంటే ఆ చోటికి ఎవరినీ తిప్పి పంపకూడదని దాని నియమం. తప్పు చేసి వచ్చినవాడికైనా ఇదే నియమం.

అక్కడి అత్యున్నత న్యాయస్థానం 2004లో ఒక శ్రీలంక తమిళుని వ్యాజ్యం తేల్చింది. అతడు దొంగ పాస్‌పోర్టుతో పట్టుబడి జైలుకు వెళ్లినవాడు. ఐక్యరాజ్యసమితి కాందిశీకుల సంస్థ మొదట అతని మనవిని తోసిపుచ్చింది. ఆ మాట పట్టుకుని ప్రభుత్వం పంపివేయబూనింది. తరువాత ఆ సంస్థే అతణ్ణి కాందిశీకుడని ఒప్పుకున్నది! ప్రాణాలతో ముడిపడిన నిర్ణయం గనుక ప్రభుత్వం తానే స్వయంగా, ఎంతో నిష్పక్షపాతంగా పరిశీలించాలనీ, మరొకరి మాటను వల్లిస్తే చాలదనీ కోర్టు చెప్పింది.

సెమినరీలో మా నీతిశాస్త్రం గురువుగారు ఏటా ఒకే ఉదాహరణ చెప్పేవారు. మేము చాటుగా నవ్వుకునేవాళ్లం. వేటగాడికి పొదలో ఏదో కదిలింది. జింకో, మనిషో తెలియదు. బాణం వేయవచ్చునా? జింకే కావడానికి నూటికి తొంభై పాళ్లు అవకాశమున్నా వేయరాదు. జింక తప్పిపోతే రేపు మళ్లీ వేటకు రావచ్చు. అబద్ధమాడినవాణ్ణి ఉండనిచ్చిన పొరపాటూ అటువంటిదే, రేపు దిద్దుకోవచ్చు. నిజం చెప్పినవాణ్ణి తిప్పి పంపిన పొరపాటును ఎవరు దిద్దగలరు?

ఒక సంగతి గమనించాలి. న్యాయసమీక్షలో జడ్జిగారు తాము వెళ్లి పొదను వెతకరు. వేటగాడు నిలబడి చూశాడా, గొంతెత్తి పిలిచాడా అన్నదే అడుగుతారు. అంటే, అర్జీదారు చెప్పినది పూర్తిగా విన్నారా, చూపిన కాగితాలు చదివారా అని. లోపం కనబడితే మళ్లీ విచారించమంటారు, అంతే. వేలాది అర్జీలు పడుతున్నాయి, చాలావాటికి విచారణకు అనుమతే దొరకదు. కేవలం కాలహరణానికి వేసినవి వాటిలో లేవని నేననను. అయితే ఆ ఆలస్యం నిజమైన కాందిశీకుడికీ శిక్షే. అన్నేళ్లూ అతడు సాధారణంగా పని చేసుకోరాదు, పిల్లలకు సొంత సంపాదనతో ఒక చొక్కా కొనలేడు.

2022 డిసెంబరు నుంచి అక్కడ పద్ధతి మారింది. మొదటి కోర్టు కాదంటే చాలు, పైకోర్టులో అప్పీలు నడుస్తుండగానే మనిషిని పంపివేయవచ్చు. అప్పీలు గెలిస్తే ఆ కబురు ఏ చిరునామాకు పంపాలి?

ఇదంతా మా పెద్దాయనకు చెప్పాను. చాలాసేపు ఊరుకుని, "అప్పీలు తేలేదాకా ఆగవలసిందే" అన్నారు. ఏళ్ల తరబడి ఆలస్యం సంగతి మాత్రం ఆయన ఒప్పుకోలేదు. వచ్చే ఆదివారం మళ్లీ మెట్ల మీద ఆపుతారు.