శ్రీగంధము – మన లెక్క

అహింస యనగా చెట్టును నరకకుండుట మాత్రమే యని తలచువారు పెక్కురు. ఒక్క చెట్టునైనను నరకనివాడు ఒక వృక్షజాతి క్షీణతకు కారకుడు కాగలడా? కాగలడనియే నా అభిప్రాయము.

మన పూజలకు కావలసిన శ్రీగంధము హోసూరు, డెంకణీకోట ప్రాంతపు అడవులలో సహజముగా పెరుగునది. దాని విలువ చేవలో నున్నది. చేవ ముదురు చెట్టులో హెచ్చు. కొనువాడు దానినే కోరును గనుక నరకువాడు దానినే వెదకును. గింజనిచ్చు పెద్దచెట్లు పోయి చిన్నవి మిగులును. 1998లోనే అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘము దీనిని ఆపదలోనున్న జాతులలో చేర్చినది.

మిగిలిన చెట్లను లెక్కించిన చాలదు. శ్రీగంధము వేళ్లనుండియు పిలకలు వేయును. కంటికి నూరుగా కనబడునవి ఒకే తల్లి పిలకలు కావచ్చును. ఒకే సరకును నూరు మూటలు కట్టినచో నూరు రకములు కావని వర్తకులకు చెప్పనక్కరలేదు. ఒక్క తెగులు తగిలినచో అన్నియు పోవచ్చును. 1899లో కొడగులో కనబడిన స్పైక్ తెగులు ఎన్ని చెట్లను మ్రింగినదో లెక్కలేదు.

ఈ భేదము తెలియుటకు శాస్త్రజ్ఞులు జన్యుగుర్తులను సిద్ధపరచుదురు. డి.ఎన్.ఏ.లో కొన్ని చిన్న వరుసలు మరల మరల వచ్చుచుండును. ఎన్నిమార్లు వచ్చునో చెట్టు చెట్టుకు మారుచుండును. అట్టి తావులను ముందుగా కనుగొని, ఆకుముక్కనుండి తీసిన డి.ఎన్.ఏ.లో వాటి పొడవులను కొలిచి పోల్చెదరు. ఏవి పిలకలో, ఏ అడవిలో వైవిధ్యము హెచ్చో అప్పుడు తేలును. ఇంతకు పూర్వపు పద్ధతి ఎంజైములను గుర్తులుగా చూచుట. నాగేశ్వరరావు, గణేశయ్య, ఉమాశంకర్ గార్లు 2007లో ప్రకటించిన పరిశోధనలో శ్రీగంధపు వైవిధ్యమునకు దక్కను పీఠభూమియే కీలకస్థానమని తేలినది. అనగా మూలధనము మన ముంగిటనే యున్నది.

ఆకు తుంచుటయు హింసయే కదా యని అడుగవచ్చును. ఏకేంద్రియ జీవమునకును బాధ కలదని నమ్మువారము గనుక ప్రశ్న న్యాయమైనదే. కాని శ్రావకధర్మము సంకల్పించి చేయు హింసను మానుమని, తప్పనిదానిని జాగరూకతతో తగ్గించుమని చెప్పును. ఒక ఆకుముక్కతో అడవి స్థితి తెలియునేని, తెలియక ఊరకుండుటయే పెద్ద హింస.

కావున గంధము కొనునపుడు అది ఎక్కడిదని, అనుమతి కలదా యని అడుగుదము. తోట వేయువారు ఒకే తల్లి గింజలు గాక పలు చెట్ల గింజలు తెచ్చుకొనవలెను. పుట్టబోవువారి సొత్తును వారికి మిగులకుండ వాడుకొనుట అచౌర్యవ్రతమునకు భంగమే. పూజకు చుక్క గంధము చాలును.