గొడ్డలికి సెలవు

మా కట్టెల డిపోకి మిషన్ వస్తోందన్న కబురు మాకంటే ముందే ఇబ్రహీంపట్నమంతా పాకిపోయింది. ఎవరింటి ముందు కొత్త స్కూటరు ఆగినా సాయంత్రానికి ఊరందరికీ తెలిసిపోతుంది. అలాంటిది సాగర్ రోడ్డు మీద లారీలోంచి అంత పొడుగు ఇనుప సామాను దిగితే ఆగుతుందా! చూడ్డానికి వచ్చిన వాళ్లలో సగం మంది అడిగింది ఒకటే: "ఇంటింటికీ గ్యాసొచ్చినంక ఇంకా కట్టెలెవరు కొంటరమ్మా?"

నిజమే. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల వచ్చాక మామూలు ఇళ్లవాళ్లు మా గుమ్మం తొక్కడం బాగా తగ్గింది. అయితే పెళ్లి వంటవాళ్లకూ, బిర్యానీ హోటళ్లకూ, రంజాన్ నెలలో హలీం బట్టీలకూ కట్టె కావలసిందే. ఆఖరికి మనమందరం వెళ్లిపోయేటప్పుడు కూడా... సరే, ఇప్పుడా మాటెందుకు లెండి.

ఒక్క మనిషి మాత్రం ఏమీ అడగలేదు. ఇరవై ఏళ్లుగా మా దగ్గర మొద్దులు కొడుతున్న పెద్దాయన. లారీ వెళ్లిపోయేదాకా వేపచెట్టు కింద కూర్చున్నాడు. తర్వాత గొడ్డలి అంచును బొటనవేలితో తడిమి చూసుకుని, "ఇగ దీనికి సెలవేనా అమ్మా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకే నవ్వు రాలేదు. మిషన్‌కు ముందుగా కట్టవలసిన డబ్బు నా గాజులు బ్యాంకులో పెట్టి తెచ్చింది మరి.

"నీ నడుం నొప్పి చూడలేకే తెచ్చాం" అన్నాను. అబద్ధమని అనను గానీ, ఏమాటకామాటే చెప్పుకోవాలి. పెళ్లిళ్ల రోజుల్లో ఆర్డర్లు అందించలేక తెచ్చాం. ఆయన నడుము సంగతి నాకు ఆ తర్వాత గుర్తొచ్చింది. మంచి పనికి కారణాలు ఎప్పుడూ వెనక నుంచే దొరుకుతాయి కాబోలు.

ఆ రాత్రి నిద్ర పట్టక నాలో నేనే వాదించుకున్నాను. మన వంటింట్లోకి మిక్సీ వచ్చిన రోజున మనలో ఎవరైనా రుబ్బురోలు కోసం కన్నీళ్లు పెట్టుకున్నామా? లేదే! దాన్ని పెరట్లోకి దొర్లించేసి హాయిగా ఊపిరి పీల్చుకున్నాం. మరి ఈ మిషన్ దగ్గరికి వచ్చేసరికి నా మనసెందుకు పీకుతోంది? ఆలోచిస్తే తోచింది. ఇంట్లో రుబ్బే చెయ్యీ, మిక్సీ వేసే చెయ్యీ ఒక్కటే. మిగిలిన గంట మనకే మిగిలింది. (ఆ గంటలో ఇంకో పని మన నెత్తినే పడింది, అది వేరే భాగోతం.)

మా అమ్మ చిన్నతనంలో వాళ్లింటికి వడ్లు దంచడానికి ఒకావిడ వచ్చేదట. కూలి కింద నూకలూ, తవుడూ. ఊళ్లోకి మిల్లు వచ్చింది. ఆవిడ భుజాలకు విశ్రాంతి దొరికింది, ఆవిడ పొయ్యికి కూడా దొరికింది. ఇలాంటి వాళ్ల గురించి ప్రభుత్వం ఆలోచించకపోలేదు. 1958లో బియ్యం మిల్లులకు పర్మిట్లు, లైసెన్సులు ఉండాలని చట్టం తెచ్చినప్పుడు దంపుళ్ల మీద బతికేవాళ్ల సంగతి కూడా అందులో ఉంది. 1997లో ఆ చట్టాన్నే ఎత్తేశారు. అప్పటికి దంచేవాళ్లు ఎక్కడున్నారు గనక!

యంత్రాలంటే పడని గాంధీగారు కూడా కుట్టుమిషన్‌ను మినహాయించారు. 1924లో రామచంద్రన్ అనే విద్యార్థి అడిగితే, సింగర్ అనే ఆయన తన భార్య చేత్తో కుట్టుకుంటూ పడే అవస్థ చూడలేక ప్రేమతో దాన్ని తయారుచేశాడని చెప్పారు. చక్కని మాటే. కానీ నాకో సందేహం. సింగరమ్మగారి చేతులకు సుఖం కలిగింది సరే, ఇంకొకరి దగ్గర కూలికి కుట్టే మనిషి సంగతేమిటి? మొగుడి ప్రేమ ఆ మనిషి దాకా వస్తుందా?

మా మిషన్ సంగతికొస్తాను. ఒక వైపు రంపం దుంగను అడుగున్నర ముక్కలుగా కోస్తుంది. ముక్క తొట్టిలో పడగానే నూనె ఒత్తిడితో ఒక ఇనుప కడ్డీ దాన్ని ఉక్కు అంచు మీదికి నెడుతుంది. తుమ్మ మొద్దయినా నాలుగు చెక్కలైపోవలసిందే. ఇదివరకు ఇద్దరు మనుషులు రెండు రోజులు కొట్టే కుప్ప మధ్యాహ్నం భోజనాల లోపే అయిపోతోంది. ఆ ఇద్దరిలో రెండో అతను ఇప్పుడు రావడం లేదు. ఆదిభట్ల వైపు ఏదో కట్టడం పనికి పోతున్నాడట. వెళ్లేముందు నాతో చెప్పలేదు. నేనూ కబురు పెట్టలేదు.

దానికి రెండు పిడులుంటాయి. రెండు చేతులతో రెండూ పట్టుకు లాగితేనే కడ్డీ కదులుతుంది. చేతులు అంచు దగ్గర ఉండకూడదని అలా చేశారు. మావారి మేనల్లుడు నాలుగో రోజునే ఒక పిడికి సైకిలు ట్యూబు కట్టేశాడు. ఒక చేత్తో పిడి లాగుతూ రెండో చేత్తో చెక్కలు తోసేయొచ్చని. ముక్కను సర్దిపెట్టేది మాత్రం పెద్దాయన. కుప్ప ఇంకా తొందరగా పెరిగింది. మావారు చూసి ఊరుకున్నారు. నేనూ చూశాను. రెండు రోజులు ఊరుకున్నాను. ఆ రెండు రోజులూ నేను లెక్కపెట్టింది కట్టెల్ని, ఆయన వేళ్లను కాదు. ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది. మూడో రోజున ఆయనే కత్తితో ట్యూబు కోసేసి, "నాకున్నయి పది వేళ్లే బిడ్డా" అని మేనల్లుడితో అన్నాడు. అంతే, మళ్లీ పనిలో పడ్డాడు.

కూలి దగ్గర ఇంకో చిక్కు. ఇదివరకు క్వింటాలుకింత అని ఇచ్చేవాళ్లం. ఇప్పుడు రోజు కూలి. "చీల్చేది మిషన్ కదా, ఆయన కాదుగా" అంటారు మావారు. కాదనలేను. కానీ ముడి ఉన్న మొద్దు అడ్డం పడి మిషన్ మూలిగినప్పుడల్లా, దాన్ని తిప్పి ఏ వైపు నుంచి పెడితే విడిపోతుందో చెప్పేది ఆయనే. దానికి క్వింటాలు లెక్క కట్టడం ఎలాగో నాకు తెలియదు. కూలి మాత్రం కొంచెం పెంచమన్నాను. పెంచారు. నడుం నొప్పి తగ్గిందనీ, రాత్రిళ్లు నిద్ర పడుతోందనీ ఆయన కూడా చెప్పాడు.

ఒక రోజు చాయ్ తాగుతూ అడిగాడు: "అమ్మా, ఇప్పుడంటే ఇది బ్యాంకోళ్లకు పని చేస్తుంది. బాకీ తీరినంక ఎవరికి చేస్తది?"

"చూద్దాంలే" అన్నాను.

కిస్తీ కట్టి వచ్చినప్పుడల్లా రసీదును మిషన్ పక్క గోడకున్న మేకుకు గుచ్చుతాను. ఇంకా పదకొండు మిగిలాయి. మొన్న బ్యాంకుకు వెళ్లొచ్చి కూడా మర్చిపోయాను. సాయంత్రం చేతులు కడుక్కుంటూ, "అమ్మా, ఈ నెల కాయితం గుచ్చలే" అని గుర్తుచేసింది ఆయనే.