ఆలస్యముగా వచ్చు తృప్తి

నరసరావుపేట.

చిరంజీవికి పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

నీ లేఖ అందినది. చికిత్స ముగిసి ఇల్లు చేరిన పిదప నిన్ను రెండు సంగతులు కలవరపెట్టుచున్నవని వ్రాసితివి. పలుచని పప్పుకట్టు మాత్రమే పుచ్చుకొనుచున్న దినములలో ఎంత త్రాగినను కడుపున ఏమియు నిలిచినట్లు తోచక, ఇంత వ్యయమునకును ఇంత బాధకును ఓర్చి బరువు తగ్గుటకై చేయించుకొన్న, జఠరమును కుదించు స్లీవ్ ఆపరేషన్ వ్యర్థమయ్యెనేమో యని రాత్రులు నిదుర మాని చింతించితివట. మెత్తని ఆహారము మొదలిడిన నాడు, చిదిపిన పెసరపప్పు మూడవ చెంచా దిగీ దిగకమునుపే రొమ్ముటెముక క్రింద బిగబట్టి కన్నీరు వచ్చినదట. మొదటి దానికి ఆపరేషన్‌ను నిందించితివి. రెండవ దానికి నిన్ను నీవే నిందించుకొంటివి. నాయనా, ఈ రెండు నిందలును అకారణములు. ఒకదానికొకటి విరుద్ధములుగా కనబడు ఆ రెండు అనుభవములును ఒకే మూలమునుండి పుట్టినవి. ఆ మూలమును తెలిసికొంటివేని నీ మనస్సు సగము కుదుటబడును.

మానవుని జఠరము భోజనవేళ లీటరునుండి లీటరున్నర వరకు పట్టగల సంచి. దాని పైభాగము, అన్నము దిగుచున్న కొలదియు తాను సడలి చోటిచ్చును గనుకనే, మనము నిండుభోజనము చేసినను లోపల ఒత్తిడి అంతగా పెరుగదు. శస్త్రవైద్యుడు నీకు తొలగించినది ఆ సడలెడు భాగమునే. జఠరమున ఇంచుమించు 75–80 శాతము పోయి, 100–150 మిల్లీలీటర్లు పట్టెడు సన్నని గొట్టము మిగిలినది. ద్రవము ఆ గొట్టమున నిలువదు. జారి ప్రేవులలోనికి పోవును. నిలువనిది గోడలను సాగదీయదు. సాగని గోడలు నిండితిమని చెప్పవు. చిక్కని పదార్థమన్ననో నిలుచును. నిలిచిన తక్షణమే, సడలుటకు వీలు లేదు గనుక, ఒత్తిడి ఒక్కమారుగా పెరుగును. ఇదిగాక, కుట్టిన అంచు ఇంకను వాచియుండును. కొన్ని సన్నని నాడీతంతువులు తెగియుండును. కావున ఈ తొలి వారములలో నీ కడుపు ఒకప్పుడు ఏమియు చెప్పదు, ఒకప్పుడు చెప్పవలసినదానికంటె బిగ్గరగా చెప్పును. అట్టి కాలమున దాని మాటనుబట్టి కాక, డైటీషియన్ నిర్ణయించి యిచ్చిన కొలతను బట్టియు గడియారమును బట్టియు తినుట వివేకము. ద్రవాహారము నిన్ను నింపకపోవుట చికిత్స చెడుటకు గుర్తు కాదు. అది ద్రవముయొక్క స్వభావము. నిండలేదు గదా యని రెండవ గిన్నె పోసికొనుటయే ప్రమాదము.

ఆకలిని గూర్చియు ఒక మాట చెప్పవలెను. 1999లో జపానుదేశీయులైన కొజిమా, కంగావా అను శాస్త్రజ్ఞులు ఘ్రెలిన్ అను హార్మోనును కనుగొనిరి. ఆకలిని రేపు ఆ పదార్థము మిక్కిలిగా ఊరునది జఠరముయొక్క పైభాగముననే. నీకు ఆ భాగము లేదు. కనుకనే స్లీవ్ చేయించుకొన్న పలువురకు తొలి మాసములలో ఆకలి మందగించును, కొందరకు బొత్తిగా తెలియనే తెలియదు. అయినను పొరుగింట మినపవడలు వేగుచున్న వాసన తగులగానే నీకు ప్రాణము లాగినదని వ్రాసితివి. దానికి సిగ్గుపడకుము. 1931లో అమెరికాలో వాంగెన్‌స్టీన్, కార్ల్‌సన్ అను వైద్యశాస్త్రజ్ఞులు, జఠరము సమూలముగా తొలగింపబడిన రోగికి సైతము ఆకలి తెలియుచునే యుండెనని ప్రకటించిరి. ఆకలికి మనస్సున ఒక నివాసము కలదు. అలవాటునందును, ఒంటరితనమునందును, పండుగ వాసనయందును అది వసించును. శస్త్రవైద్యుని కత్తి అచటికి చేరదు. అచట నీవే పనిచేయవలెను. ఆ పనికి ఈ నెలలకంటె అనువైన కాలము మరల రాదు. ఏడాది గడచునప్పటికి గొట్టము కొంత సాగును, ఆకలి కొంత తిరిగి వచ్చును. అప్పుడు నీకు తోడు నిలుచునవి నేడు పట్టుకొన్న అలవాట్లే.

తృప్తి ఆలస్యముగా వచ్చునది. ఆహారము ప్రేవులను చేరిన పిదప అచటినుండి హార్మోనులు పుట్టి, చాలినది అను వార్త మెదడునకు అందుటకు ఇరువది నిమిషముల వరకు పట్టును. నాగార్జునసాగరు కుడికాలువకు నీరు వదలిరన్న మాట విని, చివరి పొలమువాడు ఆ పూటనే గట్టు తెగగొట్టి పొరుగు చేని నీరు మళ్లించుకొన్నచో, తన వంతు నీరు వచ్చునప్పటికి మడి మునిగి పైరు కుళ్లును. త్వరపడి తినువాని స్థితియు అంతే. పూర్వపు జఠరము ఆ త్వరను భరించెను. ఈ గొట్టము భరింపదు. అందుచే చిన్న చెంచా పుచ్చుకొనుము. ముద్ద నోటనే ద్రవమగు వరకు నములుము. నమలుచున్నంత సేపు చెంచాను చేతినుండి దించి యుంచుము. రెండు మూడు చెంచాలే యైనను ఇరువది ముప్పది నిమిషములు కూర్చుండి తినుము. టెలివిజన్ ఎదుటను, ఫోను చేతబట్టియు తినకుము. తినువేళ మాటలయందును నవ్వులయందును మనస్సు పోనీయక, త్వరపడక, మరీ జాగు చేయక భుజింపవలెనని చరకసంహిత ఏనాడో విధించినది.

అష్టాంగహృదయమున వాగ్భటుడు కుక్షిని నాలుగు పాళ్లు చేసి, రెండు పాళ్లు అన్నమునకును, ఒకటి పానమునకును ఇచ్చి, నాలుగవది వాయుసంచారమునకై విడువుమనెను. పూర్తిగా నింపరాదన్న ఆ బుద్ధి నీకిప్పుడు శిరోధార్యము. కాని అన్నముతోపాటు నీటికిని చోటిచ్చిన ఆ పంపకము నీకు పనికిరాదు: తినుచు నీరు త్రాగినచో గొట్టము వేగిరమే నిండి బాధించును, లేదా అన్నము నీటితో జారి తృప్తి కలుగకయే పోవును. తినిన అరగంట వరకు నీరు ముట్టకుము. తక్కిన దినమంతయు గ్రుక్క గ్రుక్కగా, లీటరున్నరకు తగ్గకుండ త్రాగుము. గోలీసోడా వంటి గ్యాసు పానీయములు వలదు. పానకము, చెరకురసము, ఐస్‌క్రీము గొట్టమున సులువుగా జారిపోయి ఇంత శ్రమను నిష్ఫలము చేయును. కొందరకు గుండెదడ, చెమటలు, కడుపునొప్పి, విరేచనములును కలుగును. గోంగూర, పండుమిరప పచ్చడి కొన్నాళ్లు మరచిపొమ్ము. పల్నాటివానికి ఇది ఎంత కష్టమో నేనెరుగుదును. అన్నముకంటె ముందు మాంసకృత్తులు: పెసరపప్పు, పెరుగు, గ్రుడ్డు, వైద్యులు చెప్పిన ప్రోటీన్ పొడి, దినమునకు 60 గ్రాములైన చేరవలెను. వరియన్నము గొట్టమున ముద్ద కట్టును గనుక దాని వంతు చివరిది.

నొప్పి వచ్చిన పిదప ఆపుట ఆలస్యమైనట్లే. నొప్పికి ముందు దేహము మెల్లగా ఒక సూచన చేయును. ఒకరికి చిన్న ఎక్కిలి, ఒకరికి తుమ్ము, ఒకరికి ముక్కు కారుట, ఒకరికి అప్రయత్నముగా దీర్ఘనిశ్వాసము, ఒకరికి రొమ్ముటెముక క్రింద తేలికగా ఒత్తినట్లగుట. నీ సూచన ఏదో నీవే కనిపెట్టవలెను. కనిపెట్టిన నాటినుండి, ఆ సూచన కలిగినప్పుడు చేతనున్న చెంచా నోటికి పోక గిన్నెలోనికి తిరిగి పోవలెను.

ఆ చెంచా తిరిగి పోవుటయే మన ఇండ్లలో అన్నిటికంటె కఠినమైన కార్యము. నీవు తినలేక ఆపినప్పుడు మీ యమ్మ “ఇదేమి తిండిరా, ఇంకొక్క ముద్ద పెట్టుకో” అని కంట నీరు పెట్టినదనియు, ఆమె కొరకు ఆ ముద్ద తిని వాంతి చేసికొంటివనియు చదివి నా హృదయము క్రుంగినది. ఆమెను తప్పుపట్టకుము. ఆ మాట వెనుక ఈ సీమ చరిత్ర యున్నది. 1832–33లో, నందననామ సంవత్సరమున, గుంటూరు సీమను కబళించిన కరువున జనులు అసంఖ్యాకముగా మరణించిరి. ఆ పిదప కృష్ణపై బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తియై డెల్టా పచ్చబడెను గాని, పల్నాడు మెరక నేల. కృష్ణ మన ప్రక్కనుండియే పారుచున్నను ఆ నీరు మన చేలకెక్కలేదు. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు శంకుస్థాపన జరిగి, 1967లో కాలువలు పారిన తరువాత గాని ఇచ్చటి సామాన్యుని విస్తరిలో దినదినము వరియన్నము లేదు. అంతకుముందు జొన్నకూడు, సజ్జకూడే. శ్రీనాథకవి ఆ కూటిని తూలనాడెనని చాటువులు చెప్పుకొందురు గాని, మన పెద్దలు దానితోడనే బలిష్ఠులై బ్రతికిరి, అదియు చాలినంత దొరకినప్పుడు. అట్టి నేలపై, అతిథి వలదనుచున్నను మారు వడ్డించుట, కొసరి కొసరి తినిపించుట, మెతుకు మిగిల్చినచో పాపమని బిడ్డలకు నేర్పుట పుట్టినవి. అవి ఆకలి నేర్పిన ధర్మములు. నేను వానికి నమస్కరింతును. కాని ధర్మము దేశకాలపాత్రముల నెరిగి నడువవలెను. కుట్టు మానని జఠరముగల బిడ్డకు ఇంకొక ముద్ద పెట్టుట ప్రేమ కాజాలదు. తల్లిని నొప్పింపలేక ఆ ముద్ద మ్రింగుట మాతృభక్తి కాజాలదు. “చాలునమ్మా” అని మెల్లగా, స్థిరముగా చెప్పుము. పెద్దల యెదుట ఆ మాట పలుకుట అవినయమని తలపకుము. గిన్నెలో అరచెంచా పప్పు మిగిలినచో దానిని పారవేయుటకు జంకకుము. అన్నమును పరబ్రహ్మమన్న వారు దానిని వాంతి యగునట్లు తినుమనలేదు. మీ యమ్మకు నేను వేరుగా ఉత్తరము వ్రాయుచున్నాను.

బంధువులలో కొందరు, ఇది సోమరుల మార్గమనియు, నోరు కట్టుకొన్న చాలు గదా యనియు పలికిరట. స్థూలకాయత్వము కేవలము తిండిపోతుతనమున కలుగు దోషమైనచో ఆ మాట నిలుచును. కాని బరువు తగ్గినకొద్ది దేహమే ఆకలిని పెంచి, తన వ్యయమును తగ్గించుకొని, పోయిన బరువును తిరిగి తెచ్చుకొనుటకు పెనుగులాడును. వంశమునుండి సంక్రమించిన ప్రకృతియు దానికి తోడు. ఏండ్ల తరబడి నీవు పస్తులుండి తగ్గుటయు, మరల పెరుగుటయు నేను చూచితిని. చెక్కెరవ్యాధి ముదిరిన పిదప వైద్యుల మాట విని కత్తిక్రిందికి పోవుట సోమరితనము కాదు. చెంచాకు ఇరువది మారులు నమలుచు నీవు నేడు చేయుచున్న సాధన, నిన్ను నిందించినవారిలో ఒక్కరైన ఒక్క పూట చేయగలరా యని నాకు సందేహము.

విందులకు పోవుట ఇక మానవలసినదే గదా యని దిగులుపడితివి. మానవలదు. పన్నెండవ శతాబ్దమున పల్నాటి మంత్రి బ్రహ్మనాయుడు అన్ని కులములవారిని ఒక్క చాపపై కూర్చుండబెట్టి భుజింపజేసిన చాపకూడును కారెంపూడి వీరుల ఉత్సవములలో మనము నేటికిని స్మరించుచున్నాము. ఎవ్వరెంత తినిరో ఏ కథకుడును చెప్పలేదు. ఎవ్వరి ప్రక్కన ఎవ్వరు కూర్చుండిరో దానినే చెప్పిరి. నీవును పంక్తిలో కూర్చుండుము. రెండు చెంచాల పెరుగు నీ యెదుట నుంచుకొని, నలుగురితో లెమ్ము.

ఇక కొన్ని విషయములు ఆలసింపరానివి. జ్వరము, విడువని గుండెదడ, తగ్గని కడుపునొప్పి, ఎడమ భుజమున నొప్పి, ఆయాసము: వీనిలో ఏది కలిగినను తెల్లవారుటకై వేచియుండక శస్త్రవైద్యునికి తెలుపుము, కుట్టువద్ద లీకు ఎక్కువగా తొలి వారములలోనే సంభవించును. మూత్రము ముదురు రంగుగా నున్నను, లేచినప్పుడు తల తిరిగినను నీరు చాలలేదని తెలియుము. వాంతులు దినములు గడచినను ఆగనిచో అది ఓర్చుకొనవలసిన బాధ కాదు. బి1 విటమిన్ క్షీణించి చూపు చెదరుట, నడక తూలుట, మతి తికమకపడుట వరకు పోవును. ఐరన్, కాల్షియం, బి12, డి విటమిన్ మాత్రలు ఆకలి లేదని మానరాదు; ఆకలితో వానికి సంబంధము లేదు. చెక్కెరవ్యాధి మందుల మోతాదు నీ యంతట నీవు మార్చుకొనకుము.

మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకు రాదలచితినని వ్రాసితివి. తప్పక రమ్ము. అప్పటికి నీకు మెత్తని కూరలు పట్టుచుండవచ్చును. ఏమేమి తినవచ్చునో, ఎంతెంతో డైటీషియన్‌ను అడిగి ముందుగా వ్రాసిన యెడల మీ పెద్దమ్మ కారము వేయక వేరుగా వండి యుంచును. ఎవ్వరును మారు వడ్డింపరు. ఆ బాధ్యత నాది. నీ దేహము చేయు సూచన ఏదియో కనిపెట్టితివేని అదియు మరువక వ్రాయుము.

ఇట్లు,
నీ పెదనాన్న.