సహజీవనం: నీతిప్రశ్నా, ఆస్తిప్రశ్నా?

పెళ్ళికి ముందే యువతులు తమకు నచ్చినవాడితో కాపురం పెట్టటం గురించి మన గోదావరి జిల్లాల్లో రెండు మాటలు వినపడుతున్నాయి. చదువు చెడగొట్టిందని కొందరు, పడమటిగాలి సోకిందని మరికొందరు. రెండూ నీతి పేరుతో చెప్పే మాటలే. గాని నీతి ఆకాశంనుంచి వూడిపడదు. ఒక యువతి యే వయసులో, యే పరిస్థితుల్లో సహజీవనానికి పూనుకుంటుందనేది ఆమె శీలాన్నిబట్టిగాక, ఆమె సంపాదననిబట్టీ, ఆస్తిహక్కునిబట్టీ, తలదాచుకునే గదినిబట్టీ నిర్ణయమవుతుందని నా వాదన.

ఆడపిల్ల వయసు యిక్కడ కొత్త ప్రశ్న కాదు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం జరిపించవలసి వచ్చిందంటే, దానికి కారణం బాల్యవివాహాలే. 1929లో శారదా చట్టం ఆడపిల్లకు 14 యేళ్ళన్నది. 1978లో అది 18 అయింది. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లో 20-24 యేళ్ళ స్త్రీలలో 29.3 శాతం మందికి 18 నిండకముందే పెళ్ళయింది. వారికి సహజీవనమనే ప్రశ్నే లేదు. యెంచుకునే వయసు రాకముందే వారి తరఫున యితరులు యెంచుకున్నారు. చదువూ వుద్యోగమూ పెళ్ళిని వెనక్కి నెట్టిన చోటనే యీ ప్రశ్న పుడుతుంది.

యిక పడమటిగాలి సంగతి. మన మన్యంలో కొండరెడ్లలో, కోయల్లో యువతీయువకులు యిష్టపడి లేచిపోవటమూ, తర్వాత పెద్దలు ఓలి నిర్ణయించి దాన్ని పెళ్ళిగా అంగీకరించటమూ పాత ఆచారమే. అది యే విదేశంనుంచీ దిగుమతి కాలేదు. అదే గోదావరి ధవళేశ్వరం దాటి డెల్టాలోకి రాగానే నీతి యెందుకు మారుతున్నది? 1852లో ఆనకట్ట పూర్తయింది. కాలువనీటితో భూమికి విలువ పెరిగింది. భూమికి విలువ పెరిగినచోట పెళ్ళి రెండు పొలాల మధ్య బేరమవుతుంది. ఆడపిల్ల నడవడి ఆ బేరానికి కాపలా అవుతుంది. కట్నమిచ్చే కుటుంబం కూతురి యిష్టాన్ని సహించలేదు.

ఆస్తిలో కూతురికి సమానహక్కు యిస్తూ 1985లో మన రాష్ట్రం హిందూ వారసత్వ చట్టాన్ని సవరించింది. 2005లో అది దేశమంతటికీ వచ్చింది. గాని 1961లోనే నిషేధించిన కట్నం పేరుతోనే ఆ వాటాను యిప్పటికీ లెక్కగడుతున్నారు. పెద్దల మాట దాటిన పిల్లకు కట్నమూ లేదు, వాటా అడిగే ధైర్యమూ లేదు. అందుకే మా కాలేజీలో చదివినన్నాళ్ళూ నోరెత్తని పిల్ల, హైదరాబాదులోనో బెంగుళూరులోనో సొంత జీతం అందుకున్న తర్వాతగాని యింత నిర్ణయానికి తెగించలేదు. సహజీవనానికి వయసు ప్రేమ వయసు కాదు, మొదటి జీతం వయసు.

అయితే యిది విముక్తేనా? 1927లో చలంగారి ‘మైదానం’లో రాజేశ్వరి భర్తను వదిలి అమీర్‌తో వెళ్ళిపోయింది. గడప దాటే సాహసాన్ని ఆ నవల చూపింది. దాటిన తర్వాత బ్రతుకుతెరువేమిటన్నది మన తరం వేసుకోవలసిన ప్రశ్న. వయోజనులు కలిసి బ్రతకటం నేరం కాదని 2010లో సుప్రీంకోర్టు ఖుష్బూ కేసులో చెప్పింది. పెళ్ళివంటి సంబంధంలోని స్త్రీకి 2005 గృహహింస చట్టం రక్షణ యిచ్చింది. గాని అతను వివాహితుడని తెలిసీ కలిసివున్న స్త్రీకి ఆ రక్షణ వర్తించదని 2013లో ఇంద్రా శర్మ కేసులో తీర్పు వచ్చింది. 2025నుంచి ఉత్తరాఖండ్‌లో సహజీవనాన్ని రిజిస్టరు చేయించటం తప్పనిసరి చేశారు. రక్షణ పేరుతో వచ్చిన యీ నిబంధన, యింట్లోవారికి భయపడి దూరంగా వున్న పిల్లను తిరిగి వారి కంటికే పట్టివ్వగలదు.

అసలు నీతిప్రశ్న యిక్కడున్నది. విడిపోయిననాడు మగవాడు వూరికి తిరిగివచ్చి, కట్నం పుచ్చుకుని, పీటలమీద కూర్చోగలడు. ఆమెకు పుట్టిల్లే మూసుకుపోతుంది. తాళి లేకుండా బ్రతకటంలో అవినీతి లేదు; విడిపోవటానికి చెల్లించే మూల్యమంతా ఒక్కరిమీదనే పడటంలో వున్నది. ఆ మాటకొస్తే, తాళి కట్టిన కాపురాల్లోనూ వున్న అవినీతి అదే.

కనుక అధ్యాపకులమైన మనం పిల్లలకు శీలబోధలు చేయటంకంటె, కూతురి వాటా కాగితం దాటి పొలంగట్టుదాకా రావాలని అడగటం మేలు. వుద్యోగినులకు వసతిగృహాలు కావాలని అడగటం మేలు. వెళ్ళే హక్కూ, తిరిగివచ్చే హక్కూ రెండూ వున్ననాడే ఒక స్త్రీ ‘నా యిష్టం’ అన్న మాటకు పూర్తి అర్థం వస్తుంది.