వేపకు మందు వేస్తే అపచారమా?

వేపచెట్టులో పోచమ్మను చూసే నేల మనది. వేపమండ లేని బోనాన్ని ఊహించలేం. 2021లో తెలంగాణ అంతటా వేపలు కొసల నుంచి ఎండిపోతుంటే అమ్మవారికి కోపమొచ్చిందనీ, ఆ చెట్టు మీద కత్తి పెట్టకూడదనీ భయం పుట్టడం సహజమే. బొగ్గుగనుల ఊరు గోదావరిఖనిలో ఇంటి ముందు నాటిన లేత వేపకు ఆ తెగులు సోకితే, దేవత ఉన్నచోట మనిషి చెయ్యి పెట్టవచ్చునా? పెట్టి తీరాలన్నదే నా వాదన. ఒకప్పుడు మశూచి సోకితే అమ్మవారు పోసిందనేవాళ్లు. టీకాలతో ఆ జబ్బు పోయింది. 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అది ఇక లేదని ప్రకటించింది. బోనాలు మాత్రం ఆగలేదు. రోగం పోయినా కొలుపు నిలిచిందంటే, రోగమూ దేవతా ఒకటి కాదన్నమాట. బొగ్గుబాయిలోకి దిగేముందు దండం పెట్టుకునే కార్మికుడు కూడా మైనింగ్ సర్దార్ గని పైకప్పు తట్టి చూసిన చోటే పనిచేస్తాడు. దాన్ని అవిశ్వాసమని ఎవరూ అనరు.

అయితే ముందు రోగమేదో తేల్చుకోవాలి. నా దృష్టిలో అదీ భక్తే. బొగ్గు ఊళ్లో ఆకు నల్లబడితే అది దుమ్ము కావచ్చు, తుడిస్తే పోతుంది. శివరాత్రి రోజుల్లో ఆకు రాలడం వేపకు మామూలే. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం తెచ్చే డైబ్యాక్, అంటే కొసల నుంచి ఎండే ఆ తెగులు, వేరు. వానాకాలంలోనూ ఆ తర్వాతా కొమ్మ చివరి ఆకులు గోధుమరంగుకు తిరుగుతాయి, ఎండు కొస నుంచి కిందికి దిగుతుంది. టీ దోమ అనే పురుగు రసం పీల్చినా కొసలు వాడి, తెగులు ముదురుతుంది. ఎండిన కొమ్మను పచ్చి భాగం వచ్చేదాకా కోసి కాల్చేయాలి, కోతకు కాపర్ ఆక్సీక్లోరైడ్ ముద్ద పూయాలి. లీటరు నీటికి 2 గ్రాముల కార్బెండజిమ్ కలిపి పాదు తడపమని వ్యవసాయ శాస్త్రవేత్తలు సూచించారు.

శిలీంధ్రమూ ప్రాణే కదా, దాన్ని చంపే హక్కు మనకెక్కడిదని అహింసను నమ్మేవాళ్లు అడుగుతారు. బరువైన ప్రశ్నే. పైగా ఆ మందు నేలలోని మేలుచేసే శిలీంధ్రాలనూ వదలదు. అందుకే ఎదిగిన వేపకు మందు వద్దంటాను. అలాంటివి చాలావరకు తమంతట తామే మళ్లీ చిగురించాయి. లేత మొక్కకు అంత నిల్వబలం ఉండదు. అడవిలో దానంతటది మొలిచినదైతే వదిలేయవచ్చునేమో గానీ, మన చేత్తో నాటి, నీళ్లు పోసి, మొక్కినదాన్ని రోగానికి వదిలేయడం అహింస కాదు, బాధ్యత తప్పించుకోవడం. కనుక ముందు కత్తెర పట్టండి, తప్పనిసరైతేనే మందు. మందు వేసిన మొక్క నుంచి ఆ ఏడు బోనానికి మండలు గానీ, పళ్లకు పుల్లలు గానీ కోయకండి.