నేనేమీ అనలేదు సుమండీ!

నోరు విప్పి ఒక్క చెడ్డమాట అనకుండా ఎదుటివాళ్ళ కొంప ముంచే విద్య ఒకటుంది. అందులో ఆరితేరినవాడు ఫ్రాన్సిస్ అర్కర్ట్. కంగారుపడకండి, ఆయన నిజం మనిషి కాదు. 1990లో బి.బి.సి. టెలివిజన్ నాలుగు భాగాలుగా చూపించిన 'హౌస్ ఆఫ్ కార్డ్స్' నాటకంలో పాత్ర. మైకేల్ డాబ్స్ నవల దానికి మూలం. ఇయాన్ రిచర్డ్‌సన్ ఆ వేషం వేశాడు. సన్నటి చిరునవ్వు, పెద్దమనిషి తరహా. పార్టీలో చీఫ్ విప్ కాబట్టి అందరి గుట్టూ అతని గుప్పిట్లోనే ఉంటుంది. ప్రధానమంత్రి తనకి మంత్రిపదవి ఇవ్వలేదని పగబట్టి, ఒక్కొక్కళ్ళనే అడ్డు తప్పించి, చివరికి ఆ కుర్చీ తనే ఎక్కుతాడు.

మేటీ అనే విలేఖరి పిల్ల వార్తల కోసం అతని దగ్గరికి వస్తూంటుంది. తన ఊహ తనే చెబుతుంది. అతను చిరునవ్వు నవ్వి, మీరలా అనుకుంటే అనుకోవచ్చు, నేను మాత్రం ఏమీ అనడానికి వీల్లేదు అంటాడు. అంతే! ఆ ఊహ వార్తవుతుంది, ఎవరి పరువో గంగలో కలుస్తుంది, అతని చేతికి మాత్రం మసి అంటదు. ఈ మాట ఇంగ్లండులో ఎంత వాడుకలో పడిందంటే, పార్లమెంటులో కూడా సభ్యులు సరదాగా వాడుకున్నారు.

నన్నడిగితే, ఆ విద్యకి లండను దాకా వెళ్ళక్కర్లేదు. పెళ్ళిసంబంధం వాళ్ళు పక్కింటికొచ్చి, "అమ్మాయి ఎలాంటిదండీ?" అని అడుగుతారు. ఆవిడ ఒక్క క్షణం ఆగి, "ఎందుకులెండి, మా నోటితో మేం చెప్పకూడదు. మీరే విచారించుకోండి" అంటుంది. పాపం, ఆవిడేమంది? ఏమీ అనలేదు! కాని వచ్చినవాళ్ళు మళ్ళీ ఆ గుమ్మం తొక్కరు. అదే "ఆ పిల్ల మంచిది కాదు" అని ఉంటే, తల్లి వెళ్ళి "ఏం చూశారమ్మా?" అని నిలదీసి ఉండేది. అబద్ధానికైతే సాక్ష్యం అడగొచ్చు. నిట్టూర్పుని ఏమని నిలదీస్తాం? అందుకే ఇది అబద్ధంకన్నా పెద్ద తప్పంటాను.

"ఊహించుకున్నది వాళ్ళు, నాదేం పోయింది?" అనేవాళ్ళున్నారు. వాళ్ళకి పెద్దల మద్దతు కూడా ఉందండోయ్! నేను పెట్టె సర్దుకుంటూంటే చూసినవాళ్ళు ఊరెళ్తున్నాననుకుంటారు, అలా అనుకోవాలనే సర్దినా అది అబద్ధమాడినట్టు కాదన్నాడు జర్మన్ తత్వవేత్త కాంట్. మన భారతం అంత ఉదారంగా లేదు. అశ్వత్థామ పోయాడని బిగ్గరగా అని, ఏనుగు సంగతి గొణిగినందుకు, అంతదాకా నేలకి నాలుగంగుళాల ఎత్తున నడిచిన ధర్మరాజు రథం కాస్తా నేలకి దిగిపోయింది. మాటలో నిజముంది, ద్రోణుడు నమ్మినదాంట్లో లేదు. లెక్కకొచ్చింది రెండోదే.

అలాగని నోరు మూసుకోవడమే తప్పంటే ఎలా? స్నేహితురాలి రహస్యం దాచాలి, డాక్టరు రోగి సంగతి దాచాలి. తేడా ఎక్కడుందంటే, మంచి డాక్టరు మన ఊహ నిజమైనా కాకపోయినా ఒకే జవాబు చెబుతాడు. అర్కర్ట్ తనకి పనికొచ్చే ఊహ దగ్గర మాత్రమే తలుపు ఓరగా తెరుస్తాడు. నేను ఊరుకున్నందువల్ల ఎదుటిమనిషి నమ్మింది తప్పని తెలిస్తే, దాన్ని దిద్దడానికి నాకు నోరొస్తుందా? వస్తే నాది గుట్టు. రాకపోతే కుట్ర.

చివరికి మేటీకి నిజం తెలిసిపోయి సూటిగా నిలదీస్తుంది. అప్పుడిక అతని చిరునవ్వు పనికిరాదు. ఆ పిల్లని పార్లమెంటు మేడమీంచి తోసేస్తాడు! సూటిప్రశ్నంటే ఇలాంటివాళ్ళకి అంత భయం మరి. అందుకని, ఎవరైనా "నేనేమీ అనలేదు సుమండీ" అన్నప్పుడు, "పోనీ, ఇప్పుడు అనండి, వింటాను" అని ఎదురుగా కూర్చోండి. మేడమీద మాత్రం వద్దు!